టిక్కెట్టు కొన్న కచేరీలో ట్రాక్ వేసి పెదవులు కదిపితే అది మోసం కాదా?

రెండో వరుస:
సూటిగానే అడుగుతున్నాను. పోస్టరు మీద ‘లైవ్’ అని ఇంత లావు అక్షరాలు వేసి, వేలకు వేలు టిక్కెట్టు పెట్టి, తీరా స్టేజీ ఎక్కిన గాయకుడు ఎప్పుడో స్టూడియోలో పాడిన తన గొంతుకే పెదవులు కలిపి దిగిపోతే, దాన్ని మోసం అనడానికి మనకెందుకింత మొహమాటం? ఈమధ్య మా ఊళ్లో ఒక సంగీత విభావరికి ఇంటిల్లిపాదీ వెళ్లాం. ఎవరిదో పేరు వద్దు. చరణం మధ్యలో ఆయన మైకు కిందికి దించి ముందు వరుసలో ఎవరికో చెయ్యి ఊపాడు, గొంతు మాత్రం స్పీకర్లలో గమకాలతో సహా సాగిపోతూనే ఉంది. చుట్టూ ఈలలు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. పక్క సీటాయన ‘ఇప్పుడందరూ ఇంతేనండీ’ అని తేల్చేశాడు.

అందరూ ఇంతే అంటే ఊరుకోవాలా? 2017 మే 10న నవీ ముంబయి డి.వై. పాటిల్ స్టేడియంలో జస్టిన్ బీబర్ వచ్చినప్పుడు కొన్ని టిక్కెట్లు డెబ్బై వేలు దాటాయి. గిటార్ పట్టుకుని పాడిన కొన్ని పాటలు తప్పిస్తే మిగతా షో అంతా ట్రాక్ మీదే నడిచిందని మర్నాడు దేశమంతా గగ్గోలు పెట్టింది. వారం తిరిగేసరికి అందరూ మర్చిపోయారు. ఒక్కరైనా డబ్బు వెనక్కి అడిగారా?

కన్సోల్ వెనక:
నేను లైవ్ సౌండ్ చేస్తాను, ఈ గొడవ నాకు రోజూ ఉండేదే. ముందు ఒక మాట తేల్చుకుందాం, ‘ట్రాక్ వేశారు’ అన్న ఒక్క ముక్కలో నాలుగు రకాల పనులు కలిసిపోతున్నాయి. కోరస్, స్ట్రింగ్స్, మనం స్టేజీ మీదకు తీసుకురాలేని సౌండ్లు రికార్డులో వస్తాయి, గాయకుడు నిజంగా పాడతాడు, దీన్ని మైనస్ ట్రాక్ అంటాం. ఇంకోచోట గాయకుడు పాడుతూనే ఉంటాడు, అడుగున అతని రికార్డు గొంతు కూడా సన్నగా ఉంటుంది, ఊపిరి తగ్గినచోట నేను ఫేడర్ (శబ్దం పెంచే మీట) కాస్త పైకి జరుపుతాను. మూడోది మీరు చూసింది: గాయకుడి గొంతుతో సహా రికార్డు చేసిన ప్లస్ ట్రాక్ పూర్తిగా, మైకు ఆఫ్. నాలుగోది వేరేవాళ్ల గొంతుకి ఇంకొకరు పెదవులు కదపడం.

ఈ నాలుగింటినీ ఒకే గాటన కట్టి తిడితే నిజంగా పాడేవాళ్లకి అన్యాయం జరుగుతుంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. సోషల్ మీడియాలో ‘ఇదిగో దొరికిపోయాడు’ అని తిరిగే వీడియోల్లో చాలావాటికి విలువ లేదు. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లే వెళ్తుంది. మీరు స్టేజీకి వంద మీటర్ల వెనక నిలబడి ఫోన్‌లో తీస్తే పెదవి కదిలిన పావు సెకను దాటాక గానీ మాట మీ ఫోన్ దాకా రాదు. అది చూసి పెదవులు కలవట్లేదని తీర్పు చెప్పేస్తారు. దాని మీద ఎల్‌ఈడీ స్క్రీన్ ఆలస్యం వేరే. అసలైన గుర్తులు వేరే ఉన్నాయి. మైకు నోటికి దూరమైనా గొంతు పలచబడకపోవడం, మూడు నిమిషాలు గంతులేసినా ఎగశ్వాస వినిపించకపోవడం, రెండో పల్లవి మొదటి పల్లవికి అచ్చుగుద్దినట్టు ఉండటం.

డల్లాస్ తెలుగు:
రెండో వరుస గారూ, మీ బాధ అర్థమైంది కానీ ‘మోసం’ అనేది పెద్ద మాటండీ. 2013లో ఒబామా రెండోసారి ప్రమాణ స్వీకారం చేసినప్పుడు బియాన్సే జాతీయగీతాన్ని ట్రాక్ మీద పాడింది. గొడవైంది. పది రోజులకి ప్రెస్ ముందుకొచ్చి ముందు అదే గీతాన్ని ఏ ట్రాకూ లేకుండా పాడి వినిపించి, ఆ తర్వాత ఒప్పుకుంది: ఆర్కెస్ట్రాతో రిహార్సల్‌కి టైమ్ దొరకలేదు, అంత పెద్ద రోజున రిస్క్ తీసుకోదలచుకోలేదు అని. అంతకు ముందు 2009లో ఒబామా మొదటి ప్రమాణ స్వీకారంలో సెల్లో వాయించే యో-యో మా, వయొలిన్ వాయించే ఇజాక్ పెర్ల్‌మన్ లాంటి మహానుభావులే ముందు రికార్డు చేసిన దానికి అనుగుణంగా చేతులు ఆడించారు. జనవరి చలిలో తీగలు శ్రుతిలో నిలవవు, పియానో పరిస్థితీ అంతే. వాళ్లని మోసగాళ్లు అనగలమా? 1991లో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్‌బౌల్‌లో విట్నీ హ్యూస్టన్ అనే గాయని పాడిన జాతీయగీతం కూడా ముందే రికార్డు చేసిందే. అమెరికాలో ఇప్పటికీ అంతకంటే గొప్పగా ఎవరూ పాడలేదనేవాళ్లు కోకొల్లలు. వినేవాడికి కావలసింది ఆ అనుభవం. అది దక్కింది కదా.

రెండో వరుస:
మీరు చెప్పిన మూడూ ప్రభుత్వ వేడుకలో, ఆటల పోటీలో. పాట వినడం కోసం ఎవరూ టిక్కెట్టు కొనలేదు. ఒకే ఒక్క ఛాన్స్, ప్రపంచమంతా చూస్తోంది, ఒక్కోచోట గడ్డకట్టే చలి. అక్కడ రికార్డు పెట్టుకుంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు, చెప్పి పెట్టుకుంటే ఇంకా గౌరవం. నేనడిగేది కచేరీ గురించి. పాట కోసమే వచ్చి, పాటకే డబ్బు కట్టినవాళ్ల గురించి.

ఈ రెండింటికీ తేడా ఒకే మనిషి జీవితంలో చూపిస్తాను. ఇటలీ ఒపెరా గాయకుడు పవరొట్టి 2006లో ట్యూరిన్ శీతాకాల ఒలింపిక్స్ ప్రారంభంలో పాడింది కూడా రికార్డే. అప్పటికే ఆరోగ్యం దెబ్బతింది, బయట వణికించే చలి. ఆ సంగతి ఆయన పోయాక, ఆయనతో పనిచేసిన సంగీత దర్శకుడు రాస్తే బయటపడింది. చదివినవాళ్లకి జాలి వేసిందే తప్ప కోపం రాలేదు. అదే పవరొట్టి 1992లో తన సొంతూరు మోడెనాలో కచేరీ పెట్టి ట్రాక్‌కి పెదవులు కదిపితే, దాన్ని ప్రసారం చెయ్యడానికి డబ్బు పెట్టిన బీబీసీ ఊరుకోలేదు, డబ్బు వెనక్కి ఇమ్మంది. బీబీసీ అడగగలిగినప్పుడు మన ఊళ్లో వెయ్యి రూపాయల టిక్కెట్టు కొన్నవాడు ఎందుకు అడగకూడదు?

పద్యప్రియ:
మా నాన్నగారు తెనాలి దగ్గర పల్లెలో నాటకాలు ఆడించేవారు, నేను ఆ గాలిలో పెరిగినవాణ్ణి. అందుకని నాకు ఈ చర్చ వింటుంటే కడుపు తరుక్కుపోతోంది. పద్య నాటకం అంటే ఏమిటి? నటుడే పాడాలి, నటుడే నటించాలి, పక్కన హార్మోనియం ఒక్కటే తోడు. కంట్రాక్టు నాటకాల్లో ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని వేర్వేరు నటులు వచ్చేవారు. జనం తెల్లవార్లూ కూర్చుని ఎవరి రాగం ఎంతసేపు నిలబడింది, ఎవరి పద్యంలో మాట స్పష్టంగా పలికింది అని కొలతలు వేసేవారు. పద్యం నచ్చిందా, ‘వన్స్ మోర్’ అని అరుపులు. నటుడు మళ్లీ ఎత్తుకునేవాడు, ఈసారి రాగం ఇంకో దారిన పోయేది. ఈలపాట రఘురామయ్య గారు నోట్లో వేలు పెట్టుకుని ఈలతోనే పద్యాన్ని పలికిస్తుంటే ఆ ఈల పాటగా మారే క్షణం కోసం జనం ఎదురుచూసేవారు. అక్కడ మైకు సరిగా లేకపోవచ్చు, గొంతు బొంగురుపోవచ్చు. మర్నాడు రచ్చబండ దగ్గర ఆ బొంగురు గురించి కూడా మాట్లాడుకునేవారు. ఆ గొంతు ఆ మనిషిదే అన్నది మాత్రం ఎవరికీ సందేహం లేని సంగతి.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి వాళ్లు తరాల తరబడి ఇంటిల్లిపాదీ స్టేజీ మీద పాడుతూనే బతికారు. చిన్నపిల్లలు కూడా పద్యం నోటికి వచ్చాకే రంగు వేసుకునేవారు. వాళ్లకి సాధ్యమైంది, ఇన్ని స్పీకర్లు, ఇన్ని మెషీన్లు ఉన్న ఈ రోజుల్లో పేరున్న గాయకుడికి సాధ్యం కాదా?

కాజీపేట జంక్షన్:
పెద్దాయనా, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, రోజులు మారినయ్. మేం షో చూడటానికి పోతాం. లైట్లు, డాన్సర్లు, స్క్రీన్లు, రెండు గంటలు ఎగురుడే ఎగురుడు. అంత డాన్స్ చేస్తూ శ్రుతి తప్పకుండా పాడమంటే మనిషన్నవాడి వల్ల అయ్యేపనేనా? ఇంకోటి, మన తెలుగు సినిమా మొత్తం నిలబడిందే పెదవుల మీద. హీరో పెదవులు కదుపుతాడు, పాడేది ఇంకొకరు. దాన్ని మోసం అని మనలో ఒక్కరు కూడా అనలేదు, పైగా విజిల్ వేసినం. జాతరల్లో రికార్డింగ్ డాన్స్ చూసినోళ్లే స్టేజీ మీద గాయకుడు పెదవి కదిపితే తప్పంటే ఎట్ల?

రెండో వరుస:
తమ్ముడూ, నీ ఉదాహరణలే నా పక్షాన మాట్లాడుతున్నాయి. రికార్డింగ్ డాన్స్‌లో ఆడేవాళ్లు పాడుతున్నారని ఎవరూ అనుకోరు, వాళ్లు కూడా అననే అనరు. పేరులోనే రికార్డు ఉంది. సినిమా పాటకి పాడినవాళ్ల పేరు టైటిల్స్‌లో పడుతుంది, రేడియోలో ‘గానం: పి. సుశీల’ అని చెప్పాకే పాట వేసేవారు. ఆ పేరు కూడా ఊరికే రాలేదు. 1949లో ‘మహల్’ అనే హిందీ సినిమా రికార్డు మీద పాడిన లతా మంగేష్కర్ పేరు వెయ్యకుండా సినిమాలోని పాత్ర పేరు ‘కామిని’ అని వేశారు. ఎవరు పాడారని శ్రోతలు అడిగి అడిగి ఆ పేరు బయటికి లాగారు. అంటే ఆ కాలంలో కూడా జనానికి కావలసింది అదే: పెదవులు ఎవరివైనా కానివ్వండి, గొంతు ఎవరిదో చెప్పండి.

చెప్పకుండా దాస్తే ఏమవుతుందో మిల్లీ వనిల్లీ అనే పాప్ జంట కథ ఉంది. జర్మనీలో ఫ్రాంక్ ఫారియన్ అనే నిర్మాత ఇద్దరు అందమైన కుర్రాళ్లని, రాబ్, ఫాబ్‌లని ముందు నిలబెట్టాడు. నిజంగా పాడింది జాన్ డేవిస్, బ్రాడ్ హోవెల్, చార్లెస్ షా లాంటివాళ్లు. 1989 జూలైలో అమెరికాలోని బ్రిస్టల్ అనే ఊళ్లో స్టేజీ మీద ఉండగా ట్రాక్ ఇరుక్కుపోయి ఒకే ముక్క మళ్లీ మళ్లీ వచ్చింది, ఒకతను స్టేజీ దిగి పరిగెత్తాడు. ఆ తర్వాత కూడా 1990లో వాళ్లకి గ్రామీ అవార్డు ఇచ్చారు. అదే ఏడాది నవంబరులో ఫారియన్ నిజం ఒప్పుకున్నాక వెనక్కి తీసుకున్నారు. జనం ఆ ఇద్దరినీ చీల్చి చెండాడారు, రాబ్ 1998లో చిన్న వయసులోనే చనిపోయాడు. ఈ మొత్తం పన్నాగం నడిపిన నిర్మాతకి మాత్రం పని ఆగలేదు. నాకు ఆ ఇద్దరు కుర్రాళ్ల మీద కంటే అతని మీదే కోపం.

శ్రుతి పెట్టె:
ఇంతకంటే బాధ కలిగించేది 2008 బీజింగ్ ఒలింపిక్స్ ప్రారంభ వేడుక. ఎర్ర గౌను వేసుకుని స్టేడియం మధ్యలో పాడిన తొమ్మిదేళ్ల పాప లిన్ మియావోకె గొంతు ఆ పాపది కాదు. ఏడేళ్ల యాంగ్ పెయీ పాడింది. చూడటానికి బాగుండాలని యాంగ్‌ని ముందుకు రానివ్వలేదు. ఈ సంగతి కార్యక్రమానికి సంగీతం చూసిన ఆయనే రేడియోలో చెప్పాడు, దేశం పరువు కోసం చేశామన్నాడు. ఒక పిల్లని నీ గొంతు చాలు, నువ్వు అక్కర్లేదన్నారు, రెండో పిల్లని ప్రపంచం ముందు అబద్ధంగా నిలబెట్టారు. ఇద్దరికీ అన్యాయమే. రెండో వరుస గారు ‘వేడుక కాబట్టి పర్వాలేదు’ అంటే నేను ఒప్పుకోను. టిక్కెట్టు లేకపోయినా తప్పు తప్పే.

నేను కర్ణాటక సంగీతం నేర్పుతాను కాబట్టి ఇంకొకటి కూడా చెప్పాలి. మా కచేరీల్లో తంబూరా స్థానంలో ఎలక్ట్రానిక్ తంబూరా వచ్చి చాలా ఏళ్లయింది, ఎవరూ దాన్ని మోసం అనలేదు. ఎందుకంటే అది పెట్టెలోంచి వస్తోందని కళ్లెదురుగా కనిపిస్తుంది, పైగా అది గాయకుడి తప్పుని కప్పదు, ఇంకా బయటపెడుతుంది. స్వరం ఒక వెంట్రుకవాసి పక్కకి జరిగితే ఆ శ్రుతి పక్కన ఇట్టే దొరికిపోతుంది. మెషీన్ ఉందా లేదా అని కాదు నేను చూసేది, ఆ మెషీన్ ఏ పని చేస్తోందని.

కీబోర్డు చేతులు:
ఇంతసేపూ గాయకుల గురించే మాట్లాడుతున్నారు, వాయించేవాళ్ల సంగతి ఒక్కరూ ఎత్తలేదు. నేను ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయిస్తాను. ఒకప్పుడు మా టీమ్‌లో తబలా, ఢోలక్, ఫ్లూట్, వయొలిన్లు నాలుగు, సితార్ ఒకటి, ట్రంపెట్ కూడా ఉండేది. ఇప్పుడు నేను, డ్రమ్స్, బేస్, ఒక గిటార్. మిగతా అందరూ ల్యాప్‌టాప్‌లో ఉన్నారు.

అది ఎలా నడుస్తుందో చెప్తాను. ఫైల్‌లో ఎడమ ఛానల్‌లో పాట సంగీతం, కుడి ఛానల్‌లో క్లిక్. ఎడమది స్పీకర్లకి పోతుంది, కుడిది మా చెవుల్లో ఇయర్‌ఫోన్లకి. టిక్ టిక్ టిక్ టిక్ అని నాలుగు కొట్టగానే అందరం కలిసి ఎత్తుకోవాలి. ఇక అక్కడి నుంచి పాట మా చేతుల్లో లేదు. జనం ఊగిపోతున్నారు, పల్లవి ఇంకోసారి కావాలంటున్నారు, గాయని వెనక్కి తిరిగి మా వైపు చూస్తుంది, మేం తల అడ్డంగా ఊపుతాం. ఎందుకంటే ఫైల్‌లో ఆ తర్వాత వచ్చేది రెండో చరణం, అది ఎవరి కోసమూ ఆగదు. గొంతు బాగోలేదు, ఒక్క అర శ్రుతి తగ్గిద్దామంటే ముందే ఫైల్ మార్చి పెట్టుకోవాలి. పద్యప్రియ గారు చెప్పిన వన్స్ మోర్ ఉందే, అది ట్రాక్‌తో అయ్యే పని కాదు. పాట మొత్తం మళ్లీ మొదటి నుంచి వెయ్యొచ్చు, అంతే, వేసినా అచ్చంగా అలాగే వస్తుంది.

బాలు గారు స్టేజీ మీద తెలిసిన పాటలోనే ఒక కొత్త సంగతి వేసేవారు, ఎక్కడో ఒక నవ్వు కలిపేవారు, వాయించేవాళ్లు ఆయన ముఖం చూస్తూ వాయించాలి. ఇళయరాజా గారు కచేరీలో తప్పు దొర్లితే పాట ఆపించి మళ్లీ మొదలెట్టించిన సందర్భాలు ఉన్నాయి. ఆపగలిగారంటే అర్థం ఏమిటి, అక్కడ నిజంగా వాయిస్తున్నారు కాబట్టే కదా ఆపగలిగారు. ట్రాక్‌ని తప్పు పట్టి ఆపేవాళ్లు ఎవరుంటారు?

ఇక డబ్బు మాట. నలుగురు వయొలిన్ వాళ్లు లేకపోయినా టిక్కెట్టు రేటు తగ్గలేదు, పెరిగింది. ఆ నలుగురిలో ఒకాయన ఇప్పుడు ఇంటింటికీ తిరిగి పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటున్నాడు. స్పీకర్లలో వయొలిన్లు వినిపిస్తూనే ఉన్నాయి, స్టేజీ మీద మాత్రం లేవు. వినేవాడికి తేడా తెలియలేదు కాబట్టి ఎవరికీ నష్టం లేదంటారు. నష్టం ఎవరికో నాకు తెలుసు.

డల్లాస్ తెలుగు:
మీ పోస్టు చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా నిర్వాహకుల వైపు నుంచి ఉన్న కష్టం కూడా చెప్పాలి. ఇక్కడ తెలుగు సంఘాల సభలకి గాయకుల్ని పిలుస్తాం. పదిహేను మందిని తీసుకురావాలంటే పదిహేను వీసాలు, పదిహేను విమాన టిక్కెట్లు, హోటల్ గదులు, అందులో ఒక్కరికి వీసా రాకపోయినా మొత్తం ప్లాన్ తలకిందులు. అందుకే గాయకులు ఇద్దరు, వాయించేవాళ్లు నలుగురు, ఒక ల్యాప్‌టాప్. లేకపోతే అసలు కచేరీయే ఉండదు. ఇక్కడ పుట్టిన పిల్లలకి ఆ కాస్త తెలుగు పాట కూడా వినపడదు. ఫ్లూట్ రికార్డులో వచ్చిందని ఆ కార్యక్రమం మొత్తాన్ని తీసిపారెయ్యకండి.

కీబోర్డు చేతులు:
తీసిపారెయ్యట్లేదండీ. ఆ నలుగురిలో నేనూ వచ్చాను, ఆ సభల్లో వాయించాను, మీ ఆదరణ మర్చిపోలేను. నేను అడిగేది చాలా చిన్నది. వాద్యాలు రికార్డు అయితే ఆ మాట బ్రోషర్‌లో వెయ్యండి, ఆ రికార్డులో వాయించినవాళ్ల పేర్లు కూడా వెయ్యండి. వెనక స్క్రీన్ మీద స్పాన్సర్ల లోగోలు గంటసేపు తిరుగుతాయి, వయొలిన్ వాయించిన మనిషి పేరుకి ఒక్క లైను చోటు లేదా?

కన్సోల్ వెనక:
ఈ విషయంలో నాకు బాగా నచ్చిన పని ఒకటి ఉంది. 2014 సూపర్‌బౌల్‌లో రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ అనే రాక్ బ్యాండ్ వాయిస్తుంటే ఫ్లీ అనే బేస్ వాయిద్యకారుడి గిటార్‌కి వైరే లేదు. ఫొటోలు చూసి జనం ఏకేశారు. అతను వెంటనే బహిరంగంగా లేఖ రాశాడు: గొంతు మాత్రమే లైవ్, మిగతా వాద్యాలు రికార్డు, నిర్వాహకులు పెట్టిన షరతు అది, చాలా ఆలోచించాకే ఒప్పుకున్నాం, వైరు పెట్టుకుని నటించడం ఇష్టంలేక పెట్టుకోలేదు అని. కొన్ని నిమిషాల్లో స్టేజీ కట్టి విప్పాల్సిన చోట ఏ చిన్న వైరు ఊడినా మొత్తం పోతుంది, నిర్వాహకుల భయం నాకు అర్థమవుతుంది. కానీ అతను దాచలేదు. నా దృష్టిలో మర్యాదస్తుడంటే అతనే.

దీనికి పూర్తిగా తలకిందులు 2004లో అమెరికా టీవీ షో శాటర్‌డే నైట్ లైవ్‌లో గాయని యాష్లీ సింప్సన్. మైకు నడుము దగ్గర ఉండగానే తప్పు పాట ట్రాక్‌లో ఆమె గొంతు వచ్చేసింది. ఏమీ తోచక ఒక చిన్న డాన్స్ చేసి లోపలికి వెళ్లిపోయింది, చివర్లో వచ్చి బ్యాండ్ తప్పు పాట ఎత్తుకుందని వాళ్ల మీదకు నెట్టింది. ఆ బటన్ నొక్కే మనిషి స్థానంలో ఉన్నవాణ్ణి కాబట్టి ఆ వీడియో ఎప్పుడు చూసినా నాకు చెమటలు పడతాయి. స్టేజీ మీద ఏది తప్పినా చివరికి వచ్చిపడేది వాయించేవాళ్ల మీదో, కన్సోల్ దగ్గర ఉన్నవాడి మీదో.

కాజీపేట జంక్షన్:
సరే అన్నా, ముందే చెప్పాలన్నదానికి నేనూ ఒప్పుకుంటా. కానీ చట్టం తెచ్చి బంద్ చెయ్యాలని ఎవరైనా అంటే మాత్రం వద్దు. మా ఫ్రెండ్స్ గ్రూప్‌లో ఒకడు అదే అంటున్నాడు, ట్రాక్ వేస్తే జైల్లో పెట్టాలని.

రెండో వరుస:
జైలు మాట నాకూ ఇష్టం లేదు. అలాంటి నిషేధం పెట్టింది తుర్క్‌మెనిస్తాన్ నియంత నియాజోవ్, 2005లో. టీవీలో, కచేరీల్లోనే కాదు, పెళ్లిళ్లలో కూడా ట్రాక్ మీద పాడకూడదని ఆజ్ఞ వేశాడు. అది సంగీతం మీద ప్రేమ కాదు, పెత్తనం. మనకి కొత్త చట్టం అక్కర్లేదు కూడా. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో తప్పుదారి పట్టించే ప్రకటనలంటే ఏమిటో స్పష్టంగా ఉంది. ‘లైవ్’ అని పోస్టరు వేసి గొంతు మొత్తం రికార్డులో పెడితే అది ఆ కిందకి రాదని ఎలా అంటారు? జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించవచ్చు. మిక్సీ కాలిపోతే ఫోన్ చేస్తాం, కచేరీకి అంతకంటే ఎక్కువ పోసి కూడా కిక్కురుమనం. కళాకారుల్ని అడగకూడదనే భక్తి ఒకటి మనకి అడ్డం వస్తోంది. నిర్వాహకులు బతుకుతున్నదే ఆ భక్తి మీద.

శ్రుతి పెట్టె:
ఫిర్యాదు చేసేటప్పుడు మాత్రం కన్సోల్ వెనక గారు మొదట్లో చెప్పింది గుర్తుపెట్టుకోండి. ఫోన్ వీడియో చూసి ఫలానా ఆవిడ పాడలేదని రాసేస్తారు. నాకు తెలిసిన ఒక అమ్మాయి నూటికి నూరు పాళ్లు నిజంగా పాడింది, చక్కగా పాడింది కాబట్టే ట్రాక్ అన్నారు. అంత శ్రుతిలో పాడటం మనుషుల వల్ల కాదట. ఏళ్ల తరబడి తెల్లవారుజామున లేచి సాధన చేసిన పిల్లకి ఆ మాట ఎలా ఉంటుంది? నెల రోజులు స్టేజీ ఎక్కనంది. ట్రాక్ పెట్టి తప్పించుకునేవాళ్ల వల్ల జరుగుతున్న పెద్ద నష్టం నాకు ఇక్కడ కనిపిస్తోంది, నిజంగా పాడేవాళ్లని కూడా ఎవరూ నమ్మట్లేదు.

కన్సోల్ వెనక:
అది అక్షరాలా నిజం. అందుకే ఇంకా కష్టమైన ప్రశ్న ఒకటి మీ ముందు పెడుతున్నాను. ఈ రోజుల్లో గాయకుడు నిజంగానే పాడతాడు, మైకు ఆన్‌లోనే ఉంటుంది, ఏ ప్లస్ ట్రాకూ ఉండదు. కానీ ఆ గొంతు నా దగ్గరికి వచ్చి స్పీకర్‌కి వెళ్లేలోపు శ్రుతి సరిచేసే మెషీన్ గుండా వెళ్తుంది. పాడింది కాస్త పక్కకి పోయినా మీకు స్వరస్థానంలోనే వినిపిస్తుంది. గొంతు అతనిదే, ఊపిరి అతనిదే, పొరపాటు పడితే మాత్రం మెషీన్ దిద్దుతుంది. ఇది లైవ్ అవునా కాదా? నాకు కాంట్రాక్టులో ‘పిచ్ కరెక్షన్ ఉండాలి’ అని రాసిచ్చినవాళ్లున్నారు, అదేదో కాగితం మీద చూపించనక్కర్లేదు అన్నవాళ్లూ ఉన్నారు. నేను దాన్ని లైవ్ అనే అంటాను. పాడేవాడు నిజంగా పాడుతున్నాడు, పాట ఎటు తిరిగితే అటు వెళ్తాడు, జనం అడిగితే పల్లవి మళ్లీ ఎత్తుకుంటాడు.

పద్యప్రియ:
నేను అనను. శ్రుతి తప్పే అవకాశం ఉండి కూడా తప్పకుండా నిలబడటానికే కదా మనం చప్పట్లు కొట్టేది? తప్పే దారి మూసేశాక ఇక ఆ చప్పట్లు ఎవరికి? రికార్డు చేసిన గొంతుకి పెదవులు కదిపినవాడు మొత్తం దాచాడు, ఇతను అందులో సగం దాస్తున్నాడు. బ్రోషర్‌లో వాద్యాల మాట రాయించేటప్పుడు దీన్నీ రాయించండి, కీబోర్డు చేతులు గారూ.

కీబోర్డు చేతులు:
రాయించమని అడుగుతానండీ. వచ్చే నెల మా టీమ్‌కి గుంటూరులో ప్రోగ్రాం ఉంది, నిర్వాహకులతో కాంట్రాక్టు ఇంకా మాట్లాడుతున్నాం. వాద్యాల మాట ఒప్పుకుంటారనే నమ్మకం ఉంది. ఈ పిచ్ మెషీన్ మాట ఎత్తితే ముందు మా గాయకుడే ఒప్పుకోడు.